తొమ్మిదో వార్డుకు మళ్ళీ ఎన్నికలు

ఆ రోజు ఉదయం హెడ్ గుమాస్తాగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టైలరు దుకాణానికి వెళ్ళి ఒక పాత ఫోటో అడిగి తీసుకోవాలి, పదకొండింటికల్లా ఇంటికొచ్చి వ్యాసం ముగించాలి. రిటైరై ఖాళీగా ఉన్నారు కదా అని, పురపాలక సంఘం నూరేళ్ళ సంచికకు తొమ్మిదో వార్డు ఎన్నికల చరిత్ర రాసే పని ఆయనకు అంటగట్టారు. ఆ వార్డును రద్దు చేసి పక్క వార్డులో కలిపేసి ఇరవై రెండేళ్ళయింది. కాగితాల్లో అది లేదు. మీరుండేదెక్కడని అడిగితే మాత్రం అక్కడివాళ్ళు ఇప్పటికీ "తొమ్మిదో వార్డు" అనే చెబుతారు.

టైలరు ఆ వార్డు నాలుగో ఎన్నికలో ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఆ ఒక్క ఓటూ ఎగ్గొట్టింది తన చిన్ననాటి స్నేహితుడు, ఎదురుగా సెలూను నడిపేవాడేనని అతని నమ్మకం. అప్పటినుంచి ముప్పై ఏళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. దుకాణాలు ఎదురెదురుగా ఉన్నా, టైలరు క్రాపు చేయించుకోవడానికి మూడు వీధులు దాటి వెళ్తాడు.

"తొమ్మిదో వార్డు ఎన్నికల పని మీద వచ్చానయ్యా. నీ ఫోటో ఒకటి కావాలి. నీ గుర్తు కత్తెరే కదా?" అన్నారు హెడ్ గుమాస్తాగారు.

మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది. "మళ్ళీ పెట్టారా హెడ్డుగారూ?"

సంచిక సంగతి అడుగుతున్నాడనుకున్నారాయన. "పెట్టారు. పాత వార్డులన్నిటికీ పెట్టారు. నెలాఖరుకల్లా అయిపోవాలట."

"నెలాఖరుకే! ముందు నా దగ్గరికే వచ్చారా?"

"ఒక్క ఓటుతో పోయినవాడివి. నువ్వు లేకుండా ఎలా?"

టైలరు కళ్ళు చెమర్చాయి. పెట్టె అడుగునుంచి నల్లమీసాల నాటి ఫోటో తీసి, రెండు చేతులతో అందించాడు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, టైలరు భార్య పక్కింటావిడను పిలిచింది. ఆ తర్వాత ఆ వార్త నడవలేదు, పరుగెత్తింది.

అప్పట్లో టైలరును ఓడించిన టైపు మేడం ఇల్లు రెండు వీధుల అవతల. ఆ వార్డులో సగం మందికి టైపు నేర్పింది ఆవిడే. హెడ్ గుమాస్తాగారు వెళ్ళేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నామినేషన్లు ఎప్పటిదాకా?"

"నామినేషన్లేమిటి మేడం! ఎన్నికల్లేవు, ఏమీ లేవు. నేను చరిత్ర రాస్తున్నాను."

మేడం నవ్వారు. "మీరు చెప్పకూడదు, నేను అడగకూడదు. ఆఫీసులో ముప్పై అయిదేళ్ళు చేసిన మనిషి లేవంటున్నారంటే ఉన్నాయన్నమాటే."

"ఒట్టు మేడం, లేవు!"

"ఒట్టు కూడా వేస్తున్నారా? అయితే తేదీ కూడా ఖాయమైపోయిందన్నమాట."

మధ్యాహ్నానికి వీధి గోడల మీద సుద్దతో గీసిన కత్తెరలు వెలిశాయి. మేడం పాత శిష్యులు, తల నెరిసినవాళ్ళంతా, వరుసలో నడుస్తూ పాత నినాదాలు అందుకున్నారు. సగం మాటలు మర్చిపోయి, మిగతా సగం రెండుసార్లు అన్నారు. ఇప్పటి కౌన్సిలరుకు చెమటలు పట్టాయి. తన వార్డును చీల్చేస్తున్నారని విని, రెండేళ్ళుగా వెలగని వీధి దీపాలకు గంటలో నిచ్చెనలు వేయించాడు.

ఇంటికి చేరిన హెడ్ గుమాస్తాగారిని భార్య గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమండీ, మీ కోసం ఏడుగురు వచ్చి వెళ్ళారు. జాబితాలో పేరుందో లేదో చూడాలట."

"నువ్వేం చెప్పావు?"

"అందరికీ ఉందని చెప్పేశాను. పాపం, ఎండన పడి వచ్చారు."

ఇక లాభం లేదని ఆయన సాయంత్రం అయిదింటికి అందర్నీ పాత పోలింగు జరిగిన బడి గదికి రమ్మని కబురు పెట్టారు. తీరా వెళ్ళి చూస్తే గదిలో ఇసుక వేస్తే రాలేటట్టు లేదు. వేరే పేటలకు వెళ్ళిపోయినవాళ్ళు కూడా వచ్చారు. ఆ పొట్టి బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. "చీటీలు రాసే బల్ల ఇక్కడుండేది", "కాదు, కిటికీ దగ్గర" అని వాదించుకుంటున్నారు. ఓటేసి వచ్చిన వేలిని వారం రోజులు తడవకుండా కాపాడుకున్న సంగతి ఒకావిడ చెప్పింది. అందరూ తమ వేళ్ళ వంక చూసుకున్నారు.

ఎన్నికలు లేవన్న మాట ఆయన మూడుసార్లు చెప్పారు. ఎవరూ వినలేదు. నమ్మించడానికి సంచిలోంచి రికార్డు కాగితాలు తీసి, చరిత్రే చదవడం మొదలుపెట్టారు. మొదటి ఎన్నికలో కాంపౌండరు ఏకగ్రీవం. ఆయన ఇంజెక్షనంటే భయపడి రెండో మనిషి విరమించుకున్నాడని వెనకనుంచి ఎవరో అందించారు. రెండో ఎన్నిక వానలో జరిగింది. ఓటర్ల కంటే గొడుగులు ఎక్కువ వచ్చాయి. మూడోదానికి వచ్చేసరికి గదంతా నవ్వులే. గదిలో ఉన్నవాళ్ళు పోయినవాళ్ళను పేరుపేరునా తలుచుకుంటుంటే, చదువుతున్న ఆయన కూడా ఆగి ఒకరిద్దరి పేర్లు కలిపారు. వచ్చింది ఓటు కోసం కాదని వాళ్ళకూ మెల్లగా తెలిసిపోతున్నట్టుంది.

"నాలుగో ఎన్నిక. టైపు మేడం నాలుగు వందల పన్నెండు. టైలరు నాలుగు వందల పదకొండు."

టైలరు సెలూనాయన వంక కొరకొరా చూశాడు. హెడ్ గుమాస్తాగారు ఇంతకుముందు ఆ కాగితంలో అంకెలే ఎక్కించుకున్నారు గాని, వెనక్కి తిప్పి చూడలేదు. ఇప్పుడు తిప్పి, ఉన్నది ఉన్నట్టు చదివేశారు. "చెల్లని ఓటు ఒకటి. కత్తెర గుర్తు మీద ముద్ర సరిగానే ఉంది. అయితే పక్కన ఓటరు తన సంతకం చేసి తేదీ వేసినందున తిరస్కరించడమైనది."

"అదేమిటి?" అన్నాడు టైలరు. "సంతకం పెడితే చెల్లదా?"

అందరి తలలూ అతని వైపు తిరిగాయి.

"అంత ముఖ్యమైన కాగితం కదా," అన్నాడు మళ్ళీ, గొంతు తగ్గించి. "సంతకం లేకపోతే ఎవరు నమ్ముతారని..."

ముందుగా తేరుకున్నది మేడం. "అది చెల్లి ఉంటే ఇద్దరికీ సమానమయ్యేది. చీటీ తీసేవాళ్ళు. నా అదృష్టం సంగతి నాకు తెలుసు, నువ్వే గెలిచేవాడివి," అన్నారు.

టైలరు ఆ మాట వినిపించుకోలేదు. లేచి, బల్లలు తప్పించుకుంటూ సెలూనాయన దగ్గరికి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళుగా మాట్లాడని మనిషితో ఏం మొదలుపెట్టాలో తెలియక కాసేపు చేతులు నలుపుకున్నాడు.

"వేశానని నువ్వు ఆ రోజే చెప్పావు కదరా."

"చెప్పాను. నువ్వు వినలేదు."

"ఒక్కసారి చెప్పి ఊరుకుంటావా? రెండోసారి చెప్పాల్సింది."

"చెప్పడానికి నువ్వు మా దుకాణం వైపు తలెత్తితే కదా!" సెలూనాయన అతని తల ఇటూ అటూ తిప్పి, చెవి వెనక వేలు పెట్టి చూశాడు. "ఎవడురా నీకు క్రాపు చేస్తున్నది? ఎలక కొరికినట్టుంది. రేపు పొద్దున్నే వచ్చి కూర్చో."

టైలరు తలూపాడు. అతని భుజం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మర్నాడు హెడ్ గుమాస్తాగారు వ్యాసం పూర్తి చేశారు. అన్ని అంకెలూ ఉన్నవి ఉన్నట్టే వేశారు గాని, ఆ చెల్లని ఓటు దగ్గర మాత్రం "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి ఊరుకున్నారు. ఎంత చరిత్రకారుడైనా చొక్కాలు కుట్టించుకోవాలి కదా.