చేయి తిరిగినవాడికి చిన్న పిస్టలెందుకు?

అనుభవమున్న షూటర్ అనేవాడు చచ్చినా ట్వంటీటూ పిస్టల్ కొనకూడదు! ఈ మాట ఊరికే అనడం లేదు. బాగా ఆలోచించి, కాఫీ రెండుసార్లు వేడి చేసుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు నొక్కుకుంటూ మరీ అంటున్నాను.

ట్వంటీటూ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే చెబుతాను. దాని తూటా చిటికెన వేలి గోరంత. పేలితే తలుపు గడియ పడ్డంత చప్పుడు. చేతికి తన్ను ఉండదు, పొగ ఉండదు, చూసేవాళ్లకు గౌరవమూ ఉండదు. పిల్లలకు గురి నేర్పడానికి వాడతారు. నెరిసిన మీసాలవాడు కొట్లోకి వెళ్లి అలాంటిది చూపించమంటే, కొట్టువాడు "మనవడికా సార్?" అని అడగడూ? అడుగుతాడనే విన్నాను.

నా పేరు వెండెల్. అమెరికాలో ఐడహో కొండల కింద, కంకర గుంట వెనక మా పిస్టల్ క్లబ్బు ఉంది. అందులో కొత్తగా చేరినవాళ్లకు గురి నేర్పేది నేనే. నా చేతిలో ఉండేది ఫార్టీఫైవ్. దాని తూటా బొటనవేలంత ఉంటుంది. అది పేలిందంటే పక్క వరసలో ఉన్నవాళ్లు టోపీలు సర్దుకోవాల్సిందే!

పెద్ద పిస్టల్‌ని ఆడిపోసుకునేవాళ్లను ఒకటి అడుగుతాను. అది పేలగానే అందరూ ఎటు చూస్తారు? నా వైపు చూస్తారు. ట్వంటీటూ పేలిస్తే నా వైపు ఒక్కడూ తిరగడు, అందరూ నేరుగా గురి అట్ట వైపే చూస్తారు. ఒకరి అట్ట వైపు అలా గుచ్చిగుచ్చి చూడటం సంస్కారమేనా?

ఇక సాకుల సంగతి. ఫార్టీఫైవ్‌తో గురి తప్పితే సవాలక్ష కారణాలు చెప్పుకోవచ్చు. తూటాలు పాతవి, పిడి కొత్తది, కొండ మీంచి గాలి, కళ్లలో ఎండ, పొద్దున తిన్న జింక మాంసం కూర. అదే ట్వంటీటూతో తప్పితే ఏం చెప్పుకోవాలి? ఒక్క కారణమే మిగులుతుంది, దాని పేరు వెండెల్. సాకులు లేకుండా సంఘంలో మనిషన్నవాడు ఎలా బతుకుతాడండీ!

ఆరోగ్యమో? ఫార్టీఫైవ్‌తో ఒక్క పెట్టె ఖాళీ చేసేసరికి చెయ్యి లాగేస్తుంది. బుద్ధిగా ఇంటికొచ్చి భోంచేసి పడుకుంటాం. ట్వంటీటూ ఉన్నవాడు పొద్దుగూకేదాకా కాలుస్తూనే ఉంటాడు. అలా కాలుస్తూపోతే గురి కుదిరిపోయే ప్రమాదం ఉంది. ఈ వయసులో గురి కుదిరితే, ఇన్నేళ్లూ కుదరలేదని ఒప్పుకున్నట్టు కాదూ?

నా గుండ్లన్నీ కిందికి, ఎడమకి పడతాయి. ఎప్పుడూ అక్కడే, ఒక్కటి కూడా దారి తప్పదు. కొందరు దీన్ని తప్పంటారు, నేను శైలి అంటాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ల గుండ్లూ సరిగ్గా అక్కడే పడతాయి. గురువు మీద అంత భక్తి ఈ రోజుల్లో ఇంకెక్కడైనా చూస్తామా? నేను కాల్చే మూడో వరసలో అట్ట నిలబెట్టే చెక్క చట్రానికి కుడి కాలు క్లబ్బు పెట్టిననాటిది. ఎడమ కాలు మాత్రం ఏటా కొత్తది.

ఆ ఎడమ కాలు చెక్కి బిగించేది ఎల్డన్. వాడు నా జోడీ. ప్రతి శరత్తులోనూ మా క్లబ్బులో జంటల పోటీ జరుగుతుంది. గెలిచిన జంటకు పొగబెట్టిన పంది తొడ ఇస్తారు. కుర్రతనం నుంచీ నేనూ ఎల్డనూ కలిసే కాలుస్తున్నాం. ఆ తొడ వాసన ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు, రుచే తెలియదు. ఎల్డన్ గుండ్లు నడిమిన పడతాయి. నావి నా శైలిలో పడతాయి.

పోయిన వేసవిలో ఒకరోజు ఎల్డన్ ఆ ఎడమ కాలికి చిత్రిక పడుతూ, తలెత్తకుండానే సంగతి చెప్పాడు. చూపు మధ్యలో ఏదో మసకమచ్చ పడిందట. అది పెరుగుతోందట. వచ్చే వసంతానికి పిస్టల్ కొసన ఉన్న గురిబుడిపె కనబడదని డాక్టరు తేల్చేశాడట.

"ఈ ఒక్క పోటీయే ఉందిరా నాకు. ఆ తొడేదో ఒక్కసారన్నా మా ఇంటికి పట్టుకెళ్లాలని ఉంది" అన్నాడు.

నేను వాతావరణం గురించి మాట్లాడాను.

ఆ శనివారం క్లబ్బులో అందరూ కాఫీ తాగుతున్నారు. ఎల్డన్ నా పిస్టల్‌కి తానే తూటాలు నింపి ఇచ్చాడు. మిత్రుడు కదా, నేను అనుమానించలేదు. నేను నేర్పే కొత్తవాళ్లంతా వెనక నిలబడ్డారు. మొదటిది పేల్చాను, టోపీలు సర్దుకున్నారు. రెండోదానికి మీట నొక్కాను. టిక్కుమంది, అంతే! వాడు మధ్యలో మందులేని తూటా ఒకటి పెట్టాడు.

పేలనిదానికి తన్ను ఉండదు కదా. మరి పిస్టల్ కదలకూడదు కదా. కానీ నా పిస్టల్ ముందుకు వంగి, నేలకి దండం పెట్టింది! కిందికి, ఎడమకి. అందరూ చూశారు. కాఫీ పోస్తున్న మా ఆవిడ వెర్నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దెబ్బ తగలకముందే ఉలిక్కిపడటం అంటారే, అది ఇన్నేళ్లుగా నా చేతిలో కాపురం ఉంటోందన్నమాట. పెద్ద చప్పుడు వెనక దాక్కుని ఉంది పాపం, ఎవరి జోలికీ పోకుండా.

ఎల్డన్ దగ్గరికొచ్చి, నా ఒక్కడికే వినబడేలా అన్నాడు: "తంతున్నది పిస్టల్ కాదురా వెండెల్. నువ్వే ముందు తంతున్నావు. ట్వంటీటూ ఒకటి కొనుక్కో. పోటీ దాకా దాంతోనే కాలువు. చెయ్యి భయం మర్చిపోతుంది."

మీరే చెప్పండి! పదిమందికి గురి నేర్పేవాడు ఆ పిల్లకాయల పిస్టల్ పట్టుకుని మూడో వరసలో నిలబడాలా? నా పరువేం కావాలి? నాకు చెప్పేంతవాడివయ్యావా అని ఎల్డన్‌ని అడిగాను. చూపు లేనివాడు గురి గురించి మాట్లాడటమేంటని కూడా అన్నాను. అక్కడితో ఆగకుండా, నువ్వింకో జోడీని చూసుకో అని కూడా అన్నాను. పెద్ద పిస్టల్‌కి మాటలు కూడా పెద్దవే వస్తాయి.

ఎల్డన్ ఆ మందులేని తూటా ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

మర్నాడే వెర్నా ట్వంటీటూ కొనుక్కొచ్చింది. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు. వేసవంతా ఎల్డనూ తనూ క్లబ్బులో టిక్కుటిక్కుమని కాలుస్తూ కూర్చున్నారు. నేను ఇంట్లో కూర్చుని, చిన్న చప్పుళ్లు కాపురాలకు ఎంత చేటో ఆలోచించాను. జంటల పోటీలో ఎల్డన్‌కి జోడీగా వెర్నా నిలబడింది. ఇద్దరి గుండ్లూ నడిమినే. పంది తొడ ఎల్డన్ ఇంటికి వెళ్లింది. అందులో మంచి ముక్క కోసి నాకు పంపాడు. ఉప్పెక్కువైంది. అంతా తినేశాను.

డాక్టరు అన్నట్టే అయింది. మంచు కరిగే వేళకి ఎల్డన్‌కి ఎదుటి మనిషి అంచులే కనబడుతున్నాయి, ముఖం కనబడటం లేదు. ఇప్పుడు వాణ్ని క్లబ్బుకి తీసుకెళ్లేది నేనే. ట్రక్కు ఎక్కేటప్పుడు "ఇంకో జోడీ దొరకలేదురా" అంటాడు. అంతకుమించి ఆ రోజు మాట ఎత్తడు. తిట్టినా బాగుండేది.

మూడో వరసలో నిలబడతాం. నా చేతిలో ఉన్నది ట్వంటీటూ కాదని బొంకను. కానీ అది నాది కాదు, వెర్నాది! అనుభవమున్న షూటర్ కొనకూడదని మాత్రమే అన్నాను, అరువు తెచ్చుకోకూడదని అనలేదు. ఎల్డన్ తడుముకుంటూ తూటాలు నింపుతాడు. మందున్నవీ లేనివీ కలిపేసి, ఏది ఎక్కడుందో నాకు చెప్పడు. తర్వాత వెనక నిలబడి నా మోచేతి మీద రెండు వేళ్లు ఆనిస్తాడు. చూడలేడు కాబట్టి అలా కనిపెడతాడు.

నిన్న మందులేనిదాని మీద మీట పడింది. టిక్కుమంది. నేను ఊపిరి బిగబట్టాను. ఎల్డన్ వేళ్లు కాసేపు అలాగే ఉన్నాయి.

"ఈసారి కదల్లేదురా" అన్నాడు.

మళ్లీ నొక్కాను, పేలింది. ఎక్కడ తగిలిందిరా అని అడిగాడు. నడిమిన అన్నాను. నిజంగానే నడిమిన తగిలింది. వాడు అట్ట వైపు ముఖం తిప్పి, అక్కడ ఏదో కనబడుతున్నట్టే చాలాసేపు చూశాడు.

కాబట్టి పాఠకులారా, నా వాదనలో మార్పు లేదు. ట్వంటీటూకి మర్యాద లేదు, చప్పుడు లేదు, దాని వెనక దాక్కోవడానికి చోటు లేదు. కానీ దాని మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇవేవీ కావు. అది నా చేతికి ఒక శరత్తు ఆలస్యంగా వచ్చింది. మీరు మాత్రం కొనకండి. తప్పదనుకుంటే, మీ అట్టని చూసేవాడికి చూపు ఉండగానే కొనండి.