గుండ్రంగా లేని చక్రం

శనివారం ఉదయం మునినారాయణ పెట్టుకున్న పని చాలా చిన్నది. వసారాలో పట్టుగూళ్ళు పరిచి, మచ్చపడ్డవి ఏరి పక్కన పెట్టాలి. పరచడానికి చోటు లేకుండా కూతురు అర్పిత గేరు సైకిల్ అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని వెనక్కి నెట్టాడు. నెట్టగానే పెడల్ తిరిగింది, చైను ఒకసారి పైకి లేచి ఒకసారి కిందికి వాలింది. మునినారాయణ ఆగిపోయి మళ్ళీ నెట్టాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ వాలింది.

జంగమకోటెలో ముప్పై ఏళ్ళుగా పట్టుదారం తీయిస్తున్న మనిషి ఆయన. దారం చుట్టే చక్రం వెంట్రుకవాసి వంకరపోయినా దారం తెగుతుందనీ, తెగిన దారానికి మార్కెట్లో మర్యాద ఉండదనీ ఎరిగినవాడు. అలాంటివాడు మోకాళ్ళ మీద వంగి చూస్తే, పెడల్ దగ్గరి పళ్ళచక్రం కోడిగుడ్డులా కోలగా ఉంది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"యశోదా! ఇట్ల రా! నీ కూతురికి సొట్ట చక్రం అంటగట్టినారు ఆ చిక్కబళ్ళాపురం సైకిల్ అంగడోళ్ళు!"

యశోదమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "అయ్యో! రేపు పొద్దున్నే పాప నందికొండ ఎక్కల్ల కదా? మొన్ననే కదా ఆ అంగడి నుంచి ఏందో తెచ్చుకునింది?"

అర్పిత చింతామణిలో ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్. ఆ కాలేజీకి ఆరు కొత్త గేరు సైకిళ్ళు మంజూరయ్యాయి. మైసూరు సైకిల్ పోటీలకు విద్యార్థుల జట్టు వెళ్ళాలి. ఏటా జట్టును తీసుకువెళ్ళేది సునీల్‌కుమార్ అనే లెక్చరరే. ఈసారి తను వెళ్తానని అర్పిత అడిగింది. "ఆడోళ్ళు తీసుకోనిపోతే పిల్లకాయలు మాట వింటారా మేడమ్?" అన్నాడతను, స్టాఫ్ రూములో పదిమంది ముందు. ఆ మాట అర్పిత మరిచిపోలేదు, మరిచిపోయే మాటా కాదది.

ఆ మంటకు చక్రం గొడవ తోడైంది. కాలు సరిగ్గా పైనా, సరిగ్గా కిందా ఉన్నప్పుడు తొక్కుడుకు బలం ఉండదు. కోలచక్రమైతే అక్కడ చిన్నదై, కాలు బలంగా దిగేచోట పెద్దదవుతుంది, కొండ సులువవుతుంది అని అర్పిత వాదన. చక్రమంటే గుండ్రంగా ఉండేది, మిగిలిందంతా అమ్ముకునేవాళ్ళ మాయ అని సునీల్‌కుమార్ వాదన. నెలరోజులు విన్న ప్రిన్సిపాల్ ఆంజనేయప్పకు విసుగెత్తింది. "ఆదివారం నందికొండ ఎక్కండి. ముందు పైకొచ్చినోళ్ళదే జట్టు. వాళ్ళ చక్రమే ఆరు సైకిళ్ళకూ" అని తేల్చేశాడు.

అర్పిత కోలచక్రం తెప్పించుకుని శుక్రవారం సాయంత్రమే బిగించుకుంది. ఆదివారం దాకా తొక్కకూడదని దాచుకుని, ఈ ఉదయం బస్సులో కాలేజీకి వెళ్ళింది. పోటీ సంగతి ఇంట్లో చెప్పింది గానీ చక్రం సంగతి చెప్పలేదు. గుండ్రంగా లేని చక్రం గురించి తండ్రికి నచ్చజెప్పే ఓపిక ఆమెకు లేదు.

సైకిల్ మెకానిక్ మునిశామప్పను పిలిపించారు. ఆయన చక్రాన్ని విప్పి, గోటితో గీరి, చెవి దగ్గర పెట్టుకుని మోగించి, పెదవి విరిచాడు.

"ఇన్నేండ్లలో ఇట్లాంటిది చూడలేదప్పా. ఎండకు సాగిపోయుండాది."

"ఇనుము ఎండకు సాగుతాదా?"

"ఇప్పుడొచ్చేది ఇనుమా అప్పా?"

ఈ ప్రశ్నకు ఇద్దరూ కాసేపు కాలాన్ని తిట్టుకున్నారు. అర్పిత విప్పేసిన పాత గుండ్రటి చక్రం అటక మీద పేపర్లో చుట్టి ఉంది. మంచిదాన్ని పీకించి చెడ్డది పెట్టారన్నమాట అని మునినారాయణ మరింత రగిలిపోయాడు. మునిశామప్ప పాతదాన్ని బిగించాడు. చైను నూనె అంటిన బట్టలు ఉతకలేక చస్తున్నానని యశోదమ్మ అనడంతో, నూనెడబ్బా రేకు కత్తిరించి చైనుకు కవర్ కూడా వేశాడు. లోపల ఏ చక్రం ఉందో పైకి కనపడదు. మునినారాయణ కోలచక్రం మీద, చెడిన గూళ్ళ బుట్టకు వేసే ఎర్రరంగు ఇంటూ గుర్తు వేసి, సంచిలో పెట్టుకుని చిక్కబళ్ళాపురం బస్సెక్కాడు.

సైకిల్ అంగడి యజమాని తిమ్మరాయప్ప నెమ్మదైనవాడు. ఆ నెమ్మదే మునినారాయణకు పుండు మీద కారంలా తగిలింది.

"ఏమప్పా, నీ కండ్లకు ఇది గుండ్రంగా ఉండాదా?"

"లేదప్పా. అది ఉండేదే అట్ల. మేడమే కావల్లని తెప్పించుకున్యారు."

"నా కూతురు మెకానికల్ చదివింది! సొట్ట చక్రం కావల్లని అడుగుతాదా?"

"కొండ ఎక్కేదానికి సులువుగా ఉంటాదంటప్పా."

"అట్లయితే బస్సుకెందుకు పెట్టలేదు? రైలుకెందుకు పెట్టలేదు? నందికొండ ఎక్కే బస్సులన్నీ గుండ్రటి చక్రాలతోనే కదా పోతాండేది!"

అప్పటికి పదిహేనుమంది గుమిగూడారు. గాలికొట్టే పంపులో గాలి రావడం లేదని ఒకావిడ, బెల్లు వర్షంలోనే మోగుతోందని ఒక పెద్దాయన, ఎన్నాళ్ళనుంచో కడుపులో పెట్టుకున్న కోపాలన్నీ ఆ అంగట్లోనే కక్కారు. డబ్బు వాపసు ఇస్తానన్నా మునినారాయణ వినలేదు. ఆయనకు కావలసింది న్యాయం.

"ముచ్చళిక రాసియ్యి. ఈ చక్రం గుండ్రంగా లేదని రాసి, సీలు వేసియ్యి."

అది అబద్ధం కాదు గనక తిమ్మరాయప్ప రాసిచ్చాడు. మునినారాయణ చక్రాన్ని బల్ల మీద పడేసి, ఆ ఒప్పుకోలు కాగితం జేబులో పెట్టుకుని, కోర్టులో గెలిచినవాడిలా ఇంటికి వచ్చాడు.

సాయంత్రం అర్పిత రేకు కవర్ చూసి అరిచింది. "ఎవురు నాయనా ఈ డబ్బా కట్టింది? పోటీకి పోతాండానా, పాలు పోసేకి పోతాండానా?"

మునినారాయణ నోరు తెరిచాడు. యశోదమ్మ ఆయన మోచేతి మీద గిల్లి పక్కకు లాగింది. "ఇప్పుడు చెప్పొద్దు. మోసపోయినానని రాత్రంతా ఏడుస్తాది. పోటీ అయినాక చెప్పు." బట్టలకు నూనె అంటకుండా తనే వేయించానని మాత్రం కూతురికి చెప్పింది. కవర్ విప్పుదామని అర్పితకు అనిపించింది గానీ, విప్పి బిగిస్తే చైను ఎక్కడ తేడా చేస్తుందోనని వదిలేసింది.

ఆదివారం ఉదయం నంది ఊళ్ళో కొండ మొదట్లో ఇద్దరూ కలిశారు. సునీల్‌కుమార్ సైకిల్ పళ్ళచక్రం కనపడకుండా పైన నల్లటి రెగ్జిన్ గుడ్డ కట్టి ఉంది.

"ఏంది సార్ ఆ ముసుగు?"

"దుమ్ము మేడమ్. మీదేంది, ఆ డబ్బా?"

"మా అమ్మ."

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. విజిల్ మోగింది.

ఆ కొండ ఎక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఎక్కనివాళ్ళకు చెప్పినా తెలియదు. ప్రతి మలుపులోనూ అర్పిత తన కోలచక్రాన్ని తలుచుకుంది. కాలు పైకొచ్చినప్పుడల్లా అది తేలికవుతున్నట్టు, కిందికి దిగినప్పుడల్లా వెనకనుంచి ఎవరో నెడుతున్నట్టు ఆమెకు తెలిసిపోతూనే ఉంది. రేకు డబ్బా గడగడా మోగుతూ పైకి చేరేసరికి ఆంజనేయప్ప గడియారంలో ముప్పై ఏడు నిమిషాలు. పోయిన నెల గుండ్రటి చక్రంతో నలభై ఒకటి. సునీల్‌కుమార్ రెండు నిమిషాల తరువాత నాలుక బయటపెట్టుకుని వచ్చాడు.

"చూసినారా సార్!" అర్పిత ఆయాసపడుతూనే కేకపెట్టింది. "కోలచక్రం! వెన్న మాదిరి తిరిగింది!"

టిఫిన్ క్యారియర్‌తో బస్సులో వచ్చి నిలబడిన మునినారాయణ ఇక ఆగలేకపోయాడు. పోటీ అయిపోయింది కదా.

"యాడుండాదమ్మా కోలచక్రం? దాన్ని నిన్ననే పీకించి అంగడోడి మొగాన కొట్టినా. నువ్వు తొక్కింది పాతదే. ఇదో, ముచ్చళిక!"

అర్పిత ఎవరి దగ్గరో స్క్రూడ్రైవర్ లాక్కుని రేకు పీకింది. గుండ్రంగా, నున్నగా, తన పాత చక్రమే.

"అంటే ఈ నాలుగు నిమిషాలూ..." అని రేకును నేలకేసి కొట్టింది. "నా కాళ్ళేనా?"

సునీల్‌కుమార్ ఒక్క గెంతు గెంతాడు. "నేను చెప్పలేదా సార్? గుండ్రందే గెలిచింది! గుండ్రందే!"

"గెలిచింది. మరి నువ్వెందుకు ఓడిపోయినావయ్యా?" అన్నాడు ఆంజనేయప్ప.

సునీల్‌కుమార్ సైకిల్‌ను మెల్లగా వెనక్కి నెట్టుకుంటూ జారుకోబోయాడు. పెడల్ తిరిగింది. రెగ్జిన్ వెనక చైను ఒకసారి పైకి లేచి ఒకసారి కిందికి వాలింది.

"నిలబడప్పా!" మునినారాయణ టిఫిన్ క్యారియర్ కింద పెట్టాడు. "నీ చైను ఊగుతా ఉండాది!"

గుడ్డ లాగేశారు. కోలచక్రం. దాని మీద ఎర్రరంగు ఇంటూ. శనివారం సాయంత్రం బ్రేకు వైరు కోసం వెళ్ళి, తిమ్మరాయప్ప బల్ల మీద చూసి, ఎవరికీ తెలియకుండా కొనుక్కున్నానని సునీల్‌కుమార్ నేల చూస్తూ ఒప్పుకున్నాడు.

"నిజం చెప్పల్లంటే సార్, నాకు మూడు నిమిషాలు కలిసొచ్చింది. కోలది మంచిదే."

"గుండ్రందే చాలు సార్!" అంది అర్పిత మండిపడుతూ. అని, తను ఏమన్నదో తనకే వినపడి నాలుక కరుచుకుంది.

నెలరోజులు విన్న వాదన ఇప్పుడు తలకిందులై మళ్ళీ మొదలవడం చూసి ఆంజనేయప్ప చెయ్యెత్తాడు. "చాలు! జట్టు మేడమ్‌ది. ఆరు సైకిళ్ళకూ గుండ్రటివే. ఇంకెవురన్నా చక్రమని నోరెత్తితే మైసూరుకు నడిపించి పంపిస్తా."

ఈ మాటలేవీ మునినారాయణ చెవికెక్కలేదు. ఆయన చూపంతా ఆ ఎర్రగుర్తు మీదే ఉంది.

"నేను వాపసు చేసిన మాలు! దాన్నే ఈ అమాయకునికి అమ్మినాడా? ఎంత అన్యాయం! దా నాయనా, నీకూ ముచ్చళిక రాయించిస్తా." వద్దు వద్దని మొత్తుకుంటున్న సునీల్‌కుమార్ చెయ్యి పట్టుకుని చిక్కబళ్ళాపురం బస్సెక్కించాడు.

సోమవారం ఉదయం తిమ్మరాయప్ప అంగడి ముందు కొత్త బోర్డు వేలాడింది: "మా దగ్గర అమ్మే చక్రాలన్నీ గుండ్రంగా ఉంటాయి."