సింహాలు నాలుగు, మేము సున్న

ఆ శుక్రవారం రాజారత్నం పంతులు పెట్టుకున్న పని ఒక్కటే. బడికి సెలవు పెట్టి, వాన పెద్దది కాకముందే ఇంటి మీద పెంకులు సర్దించాలి. అది 1949 ఆగస్టు నెల. సూర్యాపేటలో నాలుగు రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. పెంకులు సర్దే మనిషి నిచ్చెన మీదున్నాడు. రాజారత్నం కింద నిలబడి ఎక్కడ కారుతోందో చూపిస్తుండగా తపాలా జవాను సైకిలు దిగి ఒక తారు కాగితం, అదే టెలిగ్రాం, చేతిలో పెట్టాడు.

తారు అంటే ఆ రోజుల్లో జనం దాన్ని చదవకముందే ఏడుపుకు సిద్ధపడేవారు. పైగా ఇది మొంబాసా నుంచి వచ్చింది. తమ్ముడు దేవదానం యుద్ధం రోజుల్లో మిలిటరీ దవాఖానాలో కంపౌండరుగా చేరి తూర్పు ఆఫ్రికా వెళ్లాడు. యుద్ధం ముగిశాక అక్కడే కెన్యా దేశంలో, మొంబాసా రైలు దవాఖానాలో కుదురుకున్నాడు. మనిషిని చూసి నాలుగేళ్లయింది. తారు మీద పేరు అతని భార్య సువార్తమ్మది. ఆమె మిర్యాలగూడలో ఆడపిల్లల బడిలో పంతులమ్మ. వేసవి సెలవులు అత్తగారింట్లో గడిపింది కాబట్టి తారు ఈ చిరునామాకే వచ్చింది.

రాజారత్నం ఉర్దూలో దిట్ట. ఇంగ్లీషులో మాత్రం ఆయనకు మాటలు విడివిడిగా తెలుసు, పక్కపక్కన నిలబడితే తెలియవు. అందుకని ఒక్కొక్క మాటనే తెలుగు చేసి పైకి చదివాడు.

"సింహాలు నాలుగు. మేము సున్న. అంతా అయిపోయింది. దేవదానం."

గడపలో బియ్యం చెరుగుతున్న తల్లి జానమ్మ చేట కింద పెట్టింది.

"ఏం సింహాలు బిడ్డా?"

"అమ్మా, నువ్వు జర లోపలికి పో."

ఆమె లోపలికి పోలేదు. ఉన్నచోటే కూలబడింది. రాజారత్నం భార్య సారమ్మ పరుగెత్తుకొచ్చి అత్తను పట్టుకుంది. నిచ్చెన మీది మనిషి పెంకు చేతిలో పెట్టుకునే దిగి వచ్చాడు. పక్కింటి నాగయ్య కూడా వచ్చాడు. నాగయ్యకు నూరు గొర్రెలున్నాయి. మందను తోడేళ్ల నుంచి కాపాడుకుంటూ తల నెరిసిన మనిషి కనుక ఇలాంటి విషయాల్లో ఆయన మాటకు విలువుండేది.

"ఒక్క తోడేలే గొర్రెను ఎత్తుకపోతది. నాలుగు సింహాలంటే ఇగ ఏముంటది," అన్నాడు నాగయ్య. కాసేపు ఆలోచించి, "గని రత్నం, అంతా అయిపోయినంక తారు ఎవరు కొట్టిండ్రు?" అని అడిగాడు.

రాజారత్నం కళ్లు తుడుచుకున్నాడు. "వాడు చిన్నప్పటి సంది ముందుచూపు ఉన్నోడు మామా. సింహాలు కనబడంగనే రాసిచ్చి ఉంటడు."

నాగయ్యకు అది సబబుగానే తోచింది.

కోదాడలో ఉన్న మేనమామ మట్టయ్యకు కబురు చెప్పడానికి నాగయ్యే బస్సెక్కాడు. సువార్తమ్మను తీసుకురావడానికి సారమ్మ మిర్యాలగూడ బస్సెక్కింది. మెల్లగా చెప్పమని రాజారత్నం ఇద్దరికీ మరీ మరీ చెప్పాడు. నాగయ్య మెల్లగానే చెప్పాడు, కాకపోతే బస్సులో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పాడు. సూర్యాపేటలో నాలుగున్న సింహాలు మునగాల దాటేసరికి ఆరయ్యాయి. కోదాడలో బస్సు దిగేసరికి తొమ్మిదయ్యాయి. వాటి వెనక ఒక ఏనుగు కూడా ఉన్నట్టు ఎవరో చెప్పగా విన్నానని చివరి సీటు మనిషి అన్నాడు.

శనివారం పొద్దున్నే నాగయ్యతో పాటు మట్టయ్య, ఆయన భార్య రాజమ్మ, ఇరవై మంది చుట్టాలు లారీలో దిగారు. వంటకు పెద్ద గుండిగలు కూడా తెచ్చారు.

"మా దేవదానాన్ని తొమ్మిది సింహాలు చుట్టుముట్టాయంటగా అక్కా. ఒంటరివాణ్ణి చేసి..." అంటూ మట్టయ్య జానమ్మ పక్కన చతికిలబడ్డాడు.

ఆదివారం ప్రార్థనకు దేవదానం గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని ఏసు గుడి అయ్యగారు అడిగారు. రాజారత్నం కూర్చుని రెండు పేజీలు రాశాడు. చిన్నప్పుడు తమ్ముడు గుడ్డ బంతి తన్నుకుంటూ తిరుగుతుంటే ఆ బంతిని పొయ్యిలో పడేసింది ఆయనే. అది గుర్తొచ్చి కలం కాసేపు ఆగింది. ఆ తర్వాత ఆగలేదు. సింహాలు దవాఖానా మీద పడ్డప్పుడు దేవదానం రోగులందరినీ లోపలికి పంపి, ద్వారానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడని రాశాడు. ఈ సంగతి ఎలా తెలిసిందని అయ్యగారు అడిగితే, "వాడు అట్ల నిలబడే మనిషేనండి," అన్నాడు. విన్నవాళ్లందరూ కళ్లు ఒత్తుకున్నారు.

మిర్యాలగూడలో సారమ్మ అసలు సంగతి చెప్పలేకపోయింది. తోటికోడలి మొహం చూడగానే తడబడి, "అత్తమ్మకు పానం బాగలేదు, నడువు," అని మాత్రం చెప్పింది. సువార్తమ్మ నాలుగు మందు సీసాలు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. శనివారం మధ్యాహ్నం సూర్యాపేటలో ఇంటి ముందు అంత జనాన్ని చూసి అత్తగారు పోయిందేమో అనుకుంది. లోపలికి దూసుకొచ్చి చూస్తే అత్తగారు నిక్షేపంగా కూర్చుని ఉంది.

"అమ్మయ్య, అత్తమ్మ మంచిగనే ఉన్నది," అంది సువార్తమ్మ. ఆగలేక నవ్వేసింది కూడా.

 "పాపం, మతి చలించింది," అని రాజమ్మ పక్కామెతో గొణిగింది.

రాజారత్నం తలొంచుకుని తారు కాగితం అందించాడు. "నీకే వచ్చిందమ్మా. గుండె రాయి చేసుకొని సదువు."

ఆమె చదివింది. మొహంలో నవ్వు పోయింది. కాగితాన్ని మళ్లీ చదివింది. జానమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసి బావురుమనబోతోంది.

"నాలుగా?" అంది సువార్తమ్మ. "నాలుగెట్ల అయినయి? రెండు దాటవనుకున్న."

మట్టయ్య జాలిగా చూశాడు. "నాలుగు కాదమ్మా. మాకు తొమ్మిదని చెప్పారు."

"తొమ్మిదా? గంత అన్యాలంగ ఆడడు మామా."

"ఎవరమ్మా ఆడేది?"

"మీ అల్లుడు. ఫుట్‌బాల్."

ఆ మాట ఆ గదిలో అర్థమవడానికి కొంత సమయం పట్టింది. సువార్తమ్మ తన సంచిలోంచి, ఎప్పుడూ వెంట ఉంచుకునే ఉత్తరాల కట్ట తీసింది. మార్చి నుంచి వారానికొకటి. రైలు దవాఖానా జట్టుకు దేవదానం గోల్‌కీపరు. ముప్పై రెండేళ్ల వయసులో బంతి వెంట పడుతున్నాడని తెలిస్తే అన్న కోప్పడతాడని భార్యకు తప్ప ఎవరికీ రాయలేదు. సింహాలు అంటే రేవులో మూటలు మోసే కూలీల జట్టు పేరు.

"అంటే వాడు బతికే ఉన్నడా?" అని అడిగాడు రాజారత్నం.

"నాలుగు గోల్స్ తిన్నడు బావా. గంతే."

జానమ్మ కోడలిని పట్టుకుని ఇప్పుడు నిజంగానే ఏడ్చింది. రాజారత్నం తాను రాసిన రెండు పేజీలను మడిచి జేబులో పెట్టుకోబోతుంటే, ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడన్నది నిజమే కదా, అది ఉంచవచ్చునని అయ్యగారు అన్నారు.

కాసేపటికి మట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ ఆ ఆట ఎట్లా ఆడతారమ్మా?"

సువార్తమ్మ జీవితంలో ఫుట్‌బాల్ ఆట ఒక్కటీ చూడలేదు. కానీ పద్నాలుగు ఆటలు చదివింది. గోడ ముందు గోలుకు గుర్తుగా రెండు చెంబులు పెట్టి, బంతికి బదులు నిమ్మకాయ తెచ్చి, మట్టయ్యను మధ్యలో నిలబెట్టింది. ఎనిమిది జట్లలో ఎవరు ఎవరిని ఎప్పుడు ఓడించారో కాగితం చూడకుండా చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ వానలు. మైదానం చెరువైతే బంతి తేలిపోయేదట. సముద్రం గాలి ఎటు వీస్తే గోల్స్ అటే. సూర్యాపేట ముసురు, లారీలో వచ్చిన అలసట, పొయ్యి మీది అన్నం అన్నీ మర్చిపోయి అందరూ విన్నారు. దేవదానం ఎడమ పక్కకు సరిగా దూకలేడని ఉత్తరాల్లోంచే పసిగట్టి, పొద్దున్నే గోడ పక్కన నిలబడి దూకడం సాధన చేయమని ఆమె రాసింది. ఆ తర్వాత ఐదు ఆటల్లో ఆ పక్క నుంచి ఒక్క గోలూ పోలేదు.

"మొంబాసాల ఉన్నోనికి మిర్యాలగూడ నుంచి ఆట నేర్పినవా?" అన్నాడు రాజారత్నం. ఆయన గొంతులో కోపం కోసం వెతికినా దొరికేది కాదు.

తర్వాత ఆమె ఒక ఉత్తరం పైకి చదివింది. సింహాలతో మొదటి ఆట గురించినది. వాళ్ల కెప్టెన్ పేరు జుమా. పొద్దంతా మూటలు మోసి, సాయంత్రం చెప్పుల్లేకుండా వచ్చి ఆడేవాడు. దేవదానం బంతి మీద పడి మోకాలు చీరుకుంటే ఆ జుమా ఆట ఆపి, తన తలగుడ్డ చింపి కట్టు కట్టాడు. ఆ కట్టుతోనే దేవదానం చివరిదాకా ఆడాడు. ఆ రోజు రెండు జట్లకూ రెండేసి గోల్స్.

"ఆ తల్లి ఎవరో గని మంచి బిడ్డను కన్నది," అంది జానమ్మ.

నాగయ్య మరో ప్రశ్న వేశాడు. "మరి అంతా అయిపోయింది అని ఎందుకు రాసిండు?"

 సువార్తమ్మ ఉత్తరాల కట్టకు దారం చుట్టి ముడి వేసింది.

"ఇది ఆఖరి ఆట. గెలిస్తె జట్టంతా అక్కడి కంపాలా పట్నం పోయి ఇంకో రెండు నెలలు ఆడాలె. ఓడితే ఓడ ఎక్కి ఇంటికొస్త అని రాసిండు."

ఇంటికి అన్న మాట దగ్గర ఆమె ముడిని మరోసారి బిగించింది.

జానమ్మ కోడలి వైపు తిరిగింది. "గెలిస్తె రాడని తెలిసి కూడ, ఎడమ దిక్కు దుంకు అని నేర్పినవా?"

"ఆడేటోన్ని ఓడిపొమ్మని ఎట్ల రాస్త అత్తమ్మా."

 మట్టయ్య చెంబుల మధ్య నుంచి వచ్చి సువార్తమ్మ తల మీద చెయ్యి వేశాడు. వండిన అన్నం చల్లారకముందే వడ్డించమని రాజమ్మ కేకేసింది. ఏడవడానికి వచ్చినవాళ్లు కడుపునిండా తిన్నారు.

మర్నాడు గుడిలో ప్రార్థన జరగనే జరిగింది. అయ్యగారు ఏమని ప్రార్థించాలని అడిగితే జానమ్మే చెప్పింది. ఆ విధంగా ఆ ఆదివారం సూర్యాపేట గుడిలో నలభై మంది మోకరించి, నాలుగు గోల్స్ కొట్టిన సింహాలను చల్లగా చూడమని దేవుణ్ణి వేడుకున్నారు.