చప్పుడు చేయని కెమెరా మహిమ

చిన్న కెమెరా కొనుక్కున్నవాళ్లకు జీవితంలో అవమానం అనేదే ఉండదు. ఎందుకంటే వాళ్లను ఎవరూ ఫొటోగ్రాఫర్ల లెక్కలో వెయ్యరు! లెక్కలో లేనివాళ్లను పనిగట్టుకుని అవమానించేదెవరు?

ఇది ఊరికే అంటున్న మాట కాదు. పద్నాలుగు నెలలు పరిశోధించి తేల్చుకున్నాను. లోపల అద్దం ఠకఠకా లేచిపడే డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలా, ఆ అద్దమే లేని చిన్న మిర్రర్‌లెస్ కొనాలా అని పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. నేను చదువుతుండగానే మా పక్కింటి స్లావికా పెళ్లి చేసుకుంది, బిడ్డను కన్నది, ఆ బిడ్డకు బాప్తిస్మం కూడా అయిపోయింది. అన్నింటికీ పట్నం జాయెచార్ నుంచి వచ్చి, పేరున్న ఫొటోగ్రాఫర్ రాదిసావే ఫొటోలు తీశాడు. నేనింకా బ్యాటరీల దగ్గరే ఉన్నాను.

చివరికి చిన్నదే కొన్నాను. కోటు జేబులో పడుతుంది. చప్పుడు పూర్తిగా ఆపెయ్యవచ్చు. నాలాంటి నోరులేని మనిషికి ఇంతకంటే తగిన జోడీ ఎక్కడ దొరుకుతుంది?

మొదటి పెళ్లిలోనే ఫలితం కనిపించింది. మా వైపు పెళ్లికూతురి ఇంటిముందు ఎత్తున ఆపిల్ కడతారు. పెళ్లికొడుకు దాన్ని తుపాకీతో కొడితేగాని లోపలికి రానివ్వరు. ఆ క్షణాన్ని పట్టుకుందామని నేను గురిపెట్టానో లేదో, పెళ్లికూతురి మేనమామ సారా గ్లాసుల పళ్లెం నా చేతిలో పెట్టాడు.

"ఊరికే నిలబడ్డావుగా తల్లీ, ఇవి కాస్త అటు పంచు."

పంచాను. మెడలో డీఎస్‌ఎల్‌ఆర్ వేలాడేవాడికి ఇంతమందితో పరిచయమయ్యే భాగ్యం దక్కుతుందా!

అసలు మహిమ మాత్రం రుసాండా అవ్వ దగ్గర బయటపడింది.

మా ఊళ్లో చాలామంది బతికుండగానే సమాధి రాయి నిలబెట్టుకుంటారు. అవ్వ భర్త పోయి తొమ్మిదేళ్లయింది. నల్లరాయి మీద ఎడమపక్కన ఆయన బొమ్మ, టోపీ ఓరగా పెట్టుకుని పకపకా నవ్వుతూ ఉంటుంది. కుడిపక్కన అవ్వ చోటు ఖాళీ. గురువారం చెక్కేవాడు వస్తాడు, ఫొటో చూసి చెక్కుతాడు; ఆ ఫొటో కోసమే అవ్వ నన్ను పిలిచింది. ఒకసారి చెక్కాక చెరపడం కుదరదు.

"నన్ను వదిలించుకున్నందుకే ఆ ముసలాయన నవ్వుతున్నాడంటోందే ఊరంతా! నేనూ నవ్వాలి. ఆయనకంటే ఎక్కువ నవ్వాలి. ఊఁ, తియ్యి" అంది అవ్వ.

తలగుడ్డ సర్దుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. తీశాను. ఇంకోటి తీశాను. అవ్వ కదలలేదు. ముఖం బీట్‌రూట్ రంగుకు తిరిగింది.

"అయిందవ్వా."

"ఏమయింది? చప్పుడేదీ?"

"దీనికి చప్పుడుండదవ్వా."

"చప్పుడు లేకుండా ఫొటో ఏమిటే పిల్లా? సబ్బుపెట్టె పట్టుకొచ్చి నన్ను ఊపిరాడకుండా చంపుతావా? రాయి మీద తారీఖు కూడా ఈరోజే వేయించేద్దామనా? రాదిసావ్‌ను పిలవండి!"

చప్పుడు వచ్చేలా కూడా పెట్టుకోవచ్చని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పద్నాలుగు నెలలు వెతికి కొనుక్కున్న నిశ్శబ్దాన్ని నా చేతులతో నేనే పాడుచేసుకుంటానా?

రాదిసావ్ వచ్చాడు. మెడలో ఫిరంగిలాంటి డీఎస్‌ఎల్‌ఆర్, రెండు చేతుల్లో దీపాలు. వచ్చీరాగానే నాకు పదవి ఇచ్చాడు, దీపాల వెలుగును మెత్తబరిచే తెల్ల గొడుగు పట్టుకునే పదవి! కెమెరా ఠక్కుమన్నప్పుడల్లా అవ్వ తృప్తిగా తలూపింది. నలభై ఫొటోలయ్యాయి. నలభైలోనూ ఆవిడ పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టిన మనిషిలాగే ఉంది.

"నవ్వు అవ్వా!"

"నవ్వుతూనే ఉన్నా కదరా, కళ్లు కనబడవా?"

లెన్సు మారుద్దామని రాదిసావ్ పెట్టె మీదికి వంగాడు. మెడలో బరువుకు మళ్లీ లేవలేకపోయాడు. నడుము పట్టేసింది. అలాగే వంగి మూలుగుతున్నాడు.

"అయ్యో నాయనా, కెమెరానా అది, నాగలా? నిలబడలేకపోతే నా రాయి కిందికి రా. మా ముసలాయనకూ నాకూ మధ్య కావలసినంత చోటుంది!" అంటూ అవ్వ పడీపడీ నవ్వింది. ఫొటోలు ఆగిపోయాయన్న ధీమా మరి.

నేను ఎడమచేత్తో గొడుగు వదలకుండా, కుడిచేత్తో జేబులోది తీసి ఒక్కటి నొక్కాను. ఎవరికీ వినబడలేదు.

రాదిసావ్‌కు ఫొటోలు పంపడం రాదు. ఆయనవి నలభై, నాదొకటి కలిపి చెక్కేవాడికి నేనే పంపాను. గురువారం అవ్వ అతని ఫోన్లో ఒక్కొక్కటే దాటించుకుంటూ వెళ్లి, నాదాని దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఇదీ! ఇప్పుడు నవ్వమను ఆ ముసలాయన్ని. చూశావా పిల్లా, పెద్ద కెమెరా అంటే ఇలా ఉంటుంది. చూసి నేర్చుకో."

"నేర్చుకుంటానవ్వా" అన్నాను. ఎవరి లెక్కలోనూ లేకపోవడమే అదృష్టమని మీ ముందు ఇంత వాదించిన మనిషిని, నాలుగు మెచ్చుకోలు మాటలకు ఆశపడతానా?

ఇప్పుడు రాయి మీద ఇద్దరూ పోటీపడి నవ్వుతున్నారు. ఊళ్లో ముసలివాళ్లందరికీ అలాంటి బొమ్మే కావాలట. నిన్న ముగ్గురు అవ్వలు మా గేటు దగ్గరికి వచ్చారు. లోపలికి పిలిచాను. కాఫీ పెట్టాను. కెమెరా తుడిచి బల్ల మధ్యలో పెట్టాను. ఒకావిడ దాన్ని పక్కకు జరిపి కప్పు పెట్టుకుంది.

వాళ్లకు కావలసింది రాదిసావ్ ఫోన్ నంబరు.

నాకు మాత్రం అసూయ ఎందుకు? వెంటనే కాగితం తీసి, గుండ్రటి అక్షరాల్లో, ముగ్గురికీ విడివిడిగా రాసిచ్చాను.

చివరి అంకె ఒక్కటే మార్చాను.