ఖాళీ కుర్చీల డాక్టరమ్మ

మన్సూరా నగరంలో వైద్యుడి ప్రతిభని కొలవడానికి డిగ్రీలూ, అనుభవమూ పనికిరావని పెద్దలు ఏనాడో తేల్చేశారు. అక్కడ చెల్లే కొలత ఒక్కటే: ఆ వైద్యుడు దొరక్కపోవడం. అడిగిన రోజునే దొరికేవాడు కాంపౌండరుతో సమానం. నెలకి దొరికేవాడు డాక్టరు. ఎంత తిరిగినా దొరకనివాడు ప్రొఫెసరు. (అసలు ఎవరికీ దొరక్కుండానే కాలం చేసిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు ఒక వీధికి పెట్టారు.)

ఈ లెక్కన డాక్టర్ రిఫ్అత్ షనవానీని మించినవాడు నైలు నది ఈ పాయ మీద ఎక్కడా లేడు. కాబట్టి ఇబ్తిహాల్‌కి మూడో నెల అని తెలియగానే, ఆవిడ అత్తగారు నయీమా ఆ పేరే చెప్పింది. నయీమా మక్కా వెళ్ళొచ్చిన మనిషి. వీధి వీధంతా ఆవిడని హాజ్జా అని పిలిచి, ఆవిడ మాటకి తలూపుతుంది.

"మనకి మామూలు డాక్టరు పనికిరాడమ్మాయ్. షనవానీ దగ్గరికే వెళ్ళాలి. జనం ఆయన గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుంటారట!" అంది హాజ్జా.

మామూలు డాక్టరు పనికిరాడన్న మాట మాత్రం నిజం. ఇబ్తిహాల్ బడిలో భూగోళం చెప్పే టీచరు. ముప్పై ఏడేళ్ళు. కిందటిసారి ఏడో నెలలో బీపీ ఒక్కసారిగా పెరిగిపోయి, బిడ్డ కడుపులోనే పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే బాధపడుతుందని వాళ్ళు అనుకున్నారు. ఎత్తకపోవడం వల్లే ఆవిడ బాధపడుతోందని వాళ్ళకి తెలీదు.

షనవానీ ఆసుపత్రి ఒక చెప్పుల కొట్టు మీద, మూడో అంతస్తులో ఉంది. దాన్ని నడిపేది బయూమీ అనే ముసలాయన. అక్కడ రెండు రకాల చీటీలు ఇస్తారు, మామూలువీ అర్జెంటువీ. అర్జెంటు వాళ్ళంతా అయ్యాకే మామూలు వాళ్ళని పిలుస్తారు. ఈ సంగతి కనిపెట్టిన ఊరివాళ్ళు అందరూ అర్జెంటు చీటీలే తీసుకోవడం మొదలుపెట్టారు. దాంతో అర్జెంటు వరుస మెట్ల దాకా దిగింది. మామూలు వరుసలో ఒకే ఒక ముసలమ్మ ఉంది. ఆవిడ ఎప్పటినుంచి కూర్చుందో ఎవరికీ తెలీదు. ఏ జబ్బుతో వచ్చిందో ఆవిడే మర్చిపోయింది.

"బాబాయ్, నాది ప్రమాదమైన గర్భం. బీపీ ఉంది. కాస్త ముందు పంపించవా?" అని అడిగింది ఇబ్తిహాల్.

బయూమీ ఆవిడని పైనుంచి కిందకి చూశాడు. "ప్రమాదం అవునో కాదో నువ్వు చెప్తే ఎలా తల్లీ? డాక్టరుగారు చెప్పాలి."

"ఆయన చెప్పాలంటే నేను లోపలికెళ్ళాలి కదా?"

"అందుకే కూర్చోమంటున్నాను."

ఈ వాదనలో లోపం ఎక్కడుందో వెతుక్కుంటూ ఇబ్తిహాల్ గోడకి ఆనుకుంది. పక్కనున్నావిడ పొద్దుతిరుగుడు గింజలు వొలుచుకు తింటూ ధైర్యం చెప్పింది. "భయపడకు చెల్లీ. చాలా మంచి డాక్టరు. మూడు కాన్పులు ఈయన దగ్గరే అయ్యాయి నాకు. మనిషిని ఒకసారి చూశాను కూడా."

చివరికి పిలుపు వచ్చింది. లోపల ఒకే గదిలో మూడు తెరలు, మూడు మంచాలు. డాక్టరుగారు చెవికి ఫోను ఆనించుకుని ఎవరితోనో ఫ్లాటుకి టైల్స్ బేరమాడుతూ మంచానికీ మంచానికీ మధ్య నడుస్తున్నారు. ఇబ్తిహాల్ పొట్ట మీద స్కానింగు యంత్రం ఆనించి, దాని తెర మీదకి ఒక్క చూపు చూశారు.

"బాగుంది, బాగుంది," అన్నారు.

"డాక్టరుగారూ, కిందటిసారి ఏడో నెలలో నాకు..."

"గతం తవ్వుకోకూడదమ్మా. అంతా అల్లా దయ."

"బీపీ చూడరా?"

"బీపీ మిషను నేను సాయంత్రం కూర్చునే ఆసుపత్రిలో ఉంది," అన్నారాయన. (ఆయనకి ఇంకో రెండు ఆసుపత్రులున్నాయి. ఒక్కోదాన్లో ఒక్కో పరికరం ఉంది. రోగి మూడూ తిరిగితే పరీక్ష పూర్తవుతుంది.)

ఇంటికొచ్చి జరిగింది చెప్తే హాజ్జా మొహం వెలిగిపోయింది. "బాగుందని రెండుసార్లు అన్నాడా? మా చెల్లెలి కోడలికి ఒక్కసారే అన్నాడు!"

కొన్నాళ్ళకి బడిలో, పిల్లలకి ఎడారులు చెప్తూండగా ఇబ్తిహాల్‌కి తల పగిలిపోయే నొప్పి వచ్చింది. కిందటిసారీ ఇలాగే మొదలైంది. బడి నుంచి బయటికొచ్చి, షనవానీ దాకా వెళ్ళే ఓపిక లేక, ఎదురు సందులో ఎప్పుడూ చూసే బోర్డు దగ్గర ఆగింది. డాక్టర్ సఫినాజ్, ప్రమాదకర గర్భాల వైద్యురాలు. మెట్లెక్కి తలుపు తోస్తే వరసగా కుర్చీలు, ఒక్కదాన్లోనూ మనిషి లేడు. ఇబ్తిహాల్‌కీ ఒక క్షణం అనుమానం వచ్చింది. ఆవిడా ఆ ఊళ్ళో పుట్టిన మనిషే మరి.

లోపలి గది తలుపు తీసింది డాక్టరమ్మే. యాభై దాటిన మనిషి, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. మాట్లాడొద్దంది. కాసేపు ఊరికే కూర్చోమంది. ఆ తర్వాత ఒక చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది, రెండో చేతికీ కట్టి చూసింది. మూత్ర పరీక్ష చేయించింది. అప్పుడు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. కిందటిసారి ఏం జరిగింది? మొదటినుంచీ చెప్పు."

ఇబ్తిహాల్ చెప్పింది. డాక్టరమ్మ ఎక్కడా తొందరపెట్టలేదు. నొప్పి ఏ వైపు వచ్చింది, కళ్ళ ముందు మెరుపులు కనిపించాయా, అని అడిగింది. అన్నీ అయ్యాక, "పాపా, బాబా?" అంది.

"పాప."

"పేరు పెట్టుకున్నారా?"

ఆ మాట ఇబ్తిహాల్‌ని ఎవరూ అడగలేదు. "నదా," అంది. ఆ పేరు నోటితో పలికి రెండేళ్ళు దాటింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. డాక్టరమ్మ కాగితం రుమాళ్ళ పెట్టె ఆవిడ వైపు జరిపి, మందులు రాసిచ్చి, ఇంట్లో రోజూ బీపీ ఎలా చూసుకోవాలో నేర్పి, ఏమేం కనిపిస్తే పరుగెత్తుకు రావాలో ముమ్మారు చెప్పి పంపింది.

ఆ సాయంత్రం ఇంట్లో విచారణ జరిగింది.

"ఎంతసేపు కూర్చున్నావ్?" అడిగింది హాజ్జా.

"కూర్చోలేదు అత్తయ్యా. వెళ్ళగానే చూసింది."

భర్త వాయిల్ చేతిలో రొట్టె ముక్క మొలొఖియా ఆకుకూర పులుసు గిన్నె మీదే ఆగిపోయింది.

"వెళ్ళగానే చూసిందా? ఎందుకు చూసింది?"

"డాక్టరు కదా అత్తయ్యా."

"జనం లేని కొట్లో మనం కోషరీ తింటామా అమ్మాయ్? అక్కడైతే ఒక్కపూట కడుపు పాడవుతుంది. ఇది నా మనవడి సంగతి!"

"నేనింక షనవానీ దగ్గరికి వెళ్ళను," అంది ఇబ్తిహాల్. గొంతు పెంచలేదు. పెళ్ళైన ఆరేళ్ళలో ఆవిడ ఆ ఇంట్లో 'వెళ్ళను' అనడం అదే మొదలు. హాజ్జా కొడుకు వైపు చూసింది. వాయిల్ కరెంటాఫీసులో మీటర్ల విభాగంలో పని చేస్తాడు. రెండు వైర్ల మధ్య వేలు పెట్టకూడదని వృత్తిరీత్యా తెలిసినవాడు. ఆగిన రొట్టె ముక్కని గిన్నెలో ముంచాడు.

"సరే. వచ్చేవారం నేనే వచ్చి చూస్తాను ఆవిడ సంగతి," అని హాజ్జా తీర్పు ఇచ్చింది.

వాయిల్ ఆ వారమంతా ఆలోచించి, తన జీవితంలో మొట్టమొదటి కుట్ర పన్నాడు. ఆఫీసులో స్నేహితుల భార్యల్నీ, వాళ్ళ అక్కచెల్లెళ్ళనీ బతిమాలి, ఆ రోజు సఫినాజ్ ఆసుపత్రికి వచ్చి కూర్చోమన్నాడు. (వాళ్ళలో సగం మందికి గర్భం లేదు. ఒకావిడ మనవరాలికి పెళ్ళి సంబంధాలు చూస్తోంది.) హాజ్జా వచ్చేసరికి కుర్చీ అన్నది లేదు. నిలబడింది. కాళ్ళు లాగేదాకా నిలబడింది. పక్కావిడ మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంది. ఎవరో వరుస తప్పించి లోపలికి దూరబోతే పోట్లాడి ఆపింది. ఆవిడ మొహంలో నమ్మకం మెల్లమెల్లగా పొద్దు పొడిచినట్టు పొడిచింది.

"ఇదీ! దీన్నంటారు డాక్టరని," అంది, చెమట తుడుచుకుంటూ.

లోపల డాక్టర్ సఫినాజ్ ఏ జబ్బూ లేని ఆడవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని ఓపికగా పరీక్ష చేసి పంపుతోంది. ఏదో గాలి సోకి ఊరికి మతిపోయిందనుకుంది. ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ మెట్ల మీద జనాన్ని చూసి దారిన పోయేవాళ్ళు లోపలికొచ్చారు. వాళ్ళని చూసి ఇంకొందరొచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి కుట్రతో పని లేకుండానే కుర్చీలు నిండిపోయాయి. జనాన్ని అదుపు చేయడానికి మనిషి కావాల్సొచ్చింది. పెళ్ళి పందిళ్ళు అద్దెకిచ్చే తన మేనల్లుడు హమ్‌దీని హాజ్జాయే కుదిర్చింది. అతను వస్తూనే డాక్టరమ్మ ఫోను తన జేబులో వేసుకున్నాడు. ఆవిడకి విశ్రాంతి కావాలట. నెల తిరక్కుండా అర్జెంటు చీటీలు కొట్టించాడు. ఇవేవీ లోపలున్న డాక్టరమ్మకి తెలీవు. తల ఎత్తడానికి ఆవిడకి తీరిక ఎక్కడిది?

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం ఇబ్తిహాల్‌కి మళ్ళీ ఆ తలనొప్పే వచ్చింది. కళ్ళ ముందు మెరుపులు. బీపీ మిషనులో అంకె చూసి అత్తగారిని కేకేసింది. అత్తాకోడళ్ళు టాక్సీలో వచ్చిపడ్డారు.

హమ్‌దీ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "వదినా, చీటీ ఏదీ?"

"హమ్‌దీ, నాకు కళ్ళు సరిగ్గా కనపడటం లేదు."

"ఇక్కడున్నవాళ్ళందరిదీ ప్రమాదమే వదినా. బోర్డు మీదే రాసుంది. మనవాళ్ళని ముందు పంపిస్తే జనం ఏమనుకుంటారు చెప్పు?"

హాజ్జా నయీమా మూడున్నర దశాబ్దాల కిందట రేషన్ కొట్టు ముందు సంపాదించిన గొంతు ఒకటుంది. చాలాకాలంగా వాడలేదు. ఇప్పుడు వాడింది.

"ఒరే పందిళ్ళోడా! నిన్ను ఇక్కడ నిలబెట్టింది నేను! అడ్డం తప్పుకుంటావా, లేక మీ అమ్మ నిన్ను కన్నందుకు ఏడ్చేట్టు చెయ్యనా? డాక్టరమ్మా! నా కోడలు చచ్చిపోతోంది, డాక్టరమ్మా!"

కింద రోడ్డు మీద ఒక గాడిద బండి ఆగిపోయింది. లోపలి తలుపు తెరుచుకుంది. డాక్టర్ సఫినాజ్ ఇబ్తిహాల్ మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా చెయ్యి పట్టుకుంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆపరేషను బల్ల మీద ఇబ్తిహాల్‌కి తెలిసింది ఆ చెయ్యి ఒక్కటే. ఆ తర్వాత సన్నగా, పిల్లి కూనలాంటి ఏడుపు వినిపించింది. అది విన్నాక ఆవిడ కళ్ళు మూసుకుంది.

బాబు. పిడికెడంత ఉన్నాడు. అద్దాల పెట్టెలో కొన్నాళ్ళుండి ఇంటికొచ్చాడు. కాన్పు రోజు ఆపరేషను గది గోడ అవతల హాజ్జా ఎంత ఏడ్చిందో వాయిల్ ఒక్కడికే తెలుసు.

అయితే ఆ అరుపు ఊరంతా విన్నది. హాజ్జా నయీమా పిలిస్తే డాక్టరమ్మ బయటికొస్తుందన్న వార్త పొలిమేర దాటింది. గర్భిణులు, వాళ్ళ తల్లులు, అత్తలు నేతి ఫతీరు రొట్టెల పొట్లాలు పట్టుకుని హాజ్జా ఇంటికి రావడం మొదలుపెట్టారు. హాజ్జా ఎవర్నీ కాదనలేదు. మధ్యాహ్నం నమాజు తర్వాత ముందుగదిలో కూర్చుని, కష్టం విని, హమ్‌దీకి ఫోను చేస్తుంది. చేస్తే పని అవుతుంది. చెయ్యకపోతే హమ్‌దీ చీటీ ఇవ్వడు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి హమ్‌దీ కొట్టు నుంచే పెళ్ళికుర్చీలు వచ్చాయి. అర్జెంటు వాళ్ళు ఎడమవైపు కూర్చోవాలి.

కాన్పు తర్వాత కూడా బీపీ దిగకపోతే తప్పకుండా రావాలని డాక్టరమ్మ ఇబ్తిహాల్‌కి గట్టిగా చెప్పింది. దిగలేదు. వెళ్తే హమ్‌దీ ఎంతో మర్యాదగా, "అత్తయ్యతో ఒక్క మాట చెప్పించు వదినా, అందరికీ అదే పద్ధతి," అన్నాడు.

బాబుని భుజాన వేసుకుని ఇబ్తిహాల్ ఇంటికొచ్చింది. ముందుగది నిండుగా ఉంది. జనాన్ని తప్పించుకుంటూ అత్తగారి దగ్గరికి వెళ్ళి, సంగతి చెప్పింది.

హాజ్జా ఫోను చెవి నుంచి కాస్త పక్కకి తీసి, కోడలి వైపు ప్రేమగా చూసింది.

"నువ్వు ఇంట్లోదానివే కదమ్మా, నీకేం తొందర? ముందు బయటివాళ్ళది కానివ్వు."