పక్కన కూర్చునే పద్ధతి

ఈ ఒక్కరోజు ఏ పొరపాటూ జరగకుండా గడిస్తే చాలనుకుంటూ కొత్త టీచర్ అల్లుకున్న జడ విప్పి మళ్లీ అల్లుకుంటోంది.

"బాగానే ఉంది కదే, ఎన్నిసార్లు అల్లుతావు?" అంది వాళ్లమ్మ.

"పెద్ద మేడం ఇవాళ నా క్లాసులో కూర్చుంటారమ్మా. నచ్చితే ఉద్యోగం ఖాయం. లేకపోతే రేపట్నుంచి ఇంట్లోనే."

"ఇంట్లోనా? అయితే ఇంకోసారి అల్లుకో తల్లీ."

టీచర్ ధైర్యమంతా పిల్లల మీదే. క్లాసు బాగుండాలంటే అందరూ తలో చెయ్యి వెయ్యాలని, చేరిన కొత్తలోనే ఒక పద్ధతి పెట్టింది. ఎవరి మొహమైనా వాడిపోయి కనబడితే ఒకరు వెళ్లి పక్కన కూర్చోవాలి. ఏమైందని అడగకూడదు, ఊరికే కూర్చోవాలి. అప్పటికీ మొహం విప్పారకపోతే ఇంకొకరు వెళ్లాలి. దాంతో క్లాసులో ఏడుపులు, కొట్లాటలు బాగా తగ్గాయి.

పెద్ద మేడం వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. ఆవిడ మొహం ఎప్పుడూ చేదు మందు మింగినట్టే ఉంటుంది. బడిలో పెద్దవాళ్లకది అలవాటే. ఈ పిల్లలు మాత్రం అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు.

టీచర్ బోర్డు మీద భిన్నాల లెక్క వేసి వెనక్కి తిరిగేసరికి, రెండు జడల పిల్ల మేడం పక్కన కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఏం కావాలి?" అన్నారు మేడం.

పిల్ల ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.

"నిన్నే! నీ చోటికి వెళ్లు."

మేడం కనుబొమలు ముడిపడ్డాయి. అది చూసి ఇంకో ఇద్దరు వెళ్లారు. టీచర్ మేడం ముందు అరవలేక, వచ్చేయమని వాళ్లకి కళ్లతో సైగ చేసింది. ఆ కంగారు చూపు చూసి, సాయం చాల్లేదు కాబోలు అనుకుని మిగతావాళ్లూ లేచారు. మేడంకి కోపం పెరిగేకొద్దీ మొహం ముడుచుకుంటోంది. మొహం ముడుచుకునేకొద్దీ పిల్లలు వచ్చి చేరుతున్నారు.

"ఏంట్రా ఇది, సమ్మెనా? ఎవరు నేర్పారు?"

"టీచరే మేడం," అన్నాడు బొద్దబ్బాయి.

"ష్! మాట్లాడకూడదురా!" అని పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

అంతలో బెంచీ కాలు ఫెళ్లున విరిగింది. మేడంతో సహా అందరూ నేల మీదికి జారారు. దెబ్బలేం తగల్లేదు. పిల్లలు లేవనూ లేదు. ఆవిడ చుట్టూ సర్దుకుని మళ్లీ మౌనంగా కూర్చున్నారు.

ఇక ఉద్యోగం పోయినట్టే. టీచర్ మొహం పూర్తిగా వాడిపోయింది. రెండు జడల పిల్ల తలెత్తి ఆమె మొహం చూసింది. మరుక్షణం పిల్లలంతా బిలబిలమంటూ లేచి వచ్చి టీచర్ చుట్టూ చేరారు.

వెనక నేల మీద మేడం ఒక్కరే మిగిలారు.

"క్షమించండి మేడం," అంది టీచర్. "మొహం వాడిపోయినవాళ్లని ఒంటరిగా వదలొద్దని నేనే చెప్పాను."

మేడం తన పక్కన ఖాళీ అయిన చోటు కేసి చూశారు. "మరి నన్నెందుకు వదిలేశారు?"

"మా టీచర్‌ది ఇంకా ఎక్కువ వాడిపోయింది మేడం," అంది రెండు జడల పిల్ల.

"నాదేం తక్కువ కాదు," అన్నారు మేడం గొంతు తగ్గించి.

బొద్దబ్బాయి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు. మేడం కాస్త జరిగి చోటిచ్చారు.

సాయంత్రానికి టీచర్ ఉద్యోగం ఖాయమైంది. స్టాఫ్ రూంలో మాత్రం మేడం ఎప్పటి గొంతుతోనే అన్నారు: "ఆ క్లాసులో క్రమశిక్షణ బొత్తిగా లేదు. వారానికోసారైనా నేనెళ్లి కూర్చోవాలి."