ఒకే సూదుల మీద రెండు తొడుగులు

ఉదయం ఆరింటికి బైండరమ్మ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి చేతి తొడుగుల ఆఖరి వరస ముగించాలి. తొమ్మిదింటికి కాగితంలో చుట్టాలి. పదింటి బస్సెక్కాలి. బదిలీ మీద చలి ఊరికి వెళ్ళిపోతున్న నర్సు వదినకు పదకొండింటి బండి కదలకముందే చేతిలో పెట్టాలి. తరువాత ఏడవాలి. దానికి కూడా పావుగంట కేటాయించింది.

గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు ముప్పై ఏళ్ళు అట్టలు కుట్టిన మనిషి ఆమె. ఊలు అల్లిక మాత్రం ఉద్యోగం ముగిశాక, ఒక పుస్తకం ముందు పెట్టుకుని తనంతట తానే నేర్చుకుంది. ఒక్కో స్నేహితురాలికి ఒక్కో కానుక, ఒక్కో కానుకకు ఒక్కో కొత్త అల్లిక. "వచ్చిన పనే చేసిస్తే అందులో మనం పడ్డ పాటేముంది?" అనేది. కళ్ళద్దాల దుకాణం ఆవిడకు జడల అల్లికతో టోపీ చేసింది. అది కళ్ళ మీదికి జారుతుంది. దర్జీ ఆవిడకు చిల్లుల అల్లికతో శాలువా చేసింది. అందులో పుస్తకం చెప్పిన చిల్లులు కొన్ని, సొంత చిల్లులు కొన్ని. ఇద్దరూ వాటిని ఒంటి మీంచి తీయరు.

నర్సు వదినకు అన్నిటికన్నా కష్టమైన అల్లిక ఎంచుకుంది. రెండు తొడుగులనూ ఒకే సూదుల మీద, ఒకదాని లోపల ఒకటిగా అల్లాలి. ఒక కుట్టు పై తొడుగు ఊలు ఉండతో, ఒక కుట్టు లోపలి తొడుగు ఉండతో. అప్పుడే రెండూ అచ్చంగా ఒకే కొలతకు వస్తాయి. చివర కుట్లన్నీ దారానికి ఎక్కించి, ఒరలోంచి కత్తి దూసినట్టు లోపలి తొడుగును లాగాలి.

ఎనిమిదింటికి లాగింది. వేళ్ళు వచ్చాయి, అరచెయ్యి వచ్చింది, మణికట్టు దగ్గర ఆగిపోయింది. ఎక్కడో ఒక వరసలో రెండుండల పోగులూ తారుమారయ్యాయి. రెండూ ఒకే నీలం. ఎక్కడో కనబడదు.

"ఏవండీ, ఒకసారి చేతులివ్వండి."

టీ తాగబోతున్న భర్త, లెక్కల మాస్టారు, కప్పు దించాడు. "నా చేతులెందుకు?"

"వేసుకుంటే ఎక్కడ పట్టుకుందో తెలుస్తుంది. వదినవి అడగలేనుగా!"

మాస్టారు వేసుకున్నాడు. చల్లారిపోతున్న టీ వైపు చూసి చేతులు వెనక్కి లాక్కున్నాడు. కుట్లలో ఉన్న దారం సంచీ మూతిలా బిగిసి, ముడిపడింది. ఇప్పుడు ఆయన రెండు చేతులూ ఒకదానికొకటి అతుక్కుని నీలంగా ఉన్నాయి.

"కత్తెర తీసుకురా."

"కత్తెర పేరెత్తారంటే ఊరుకోను. దారం తెగితే నూట ఇరవై కుట్లు జారిపోతాయి. మూడు వారాల పని!"

"మరి నన్నేం చేస్తావు?"

"బస్సెక్కిస్తాను."

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. రెండేళ్ళ కిందట ప్రూఫులు దిద్దే స్నేహితురాలు ఊరు వదిలి వెళ్ళిన రోజు ఆయనకు గుర్తుంది. మఫ్లరులో నాలుగు వరసలు మిగిలిపోయి, బైండరమ్మ స్టేషనుకు చేరేసరికి ఖాళీ పట్టాలు కనిపించాయి. ఆ మఫ్లరు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వదు.

బస్సులో ఒకావిడ సంచీ అవతలి పక్కకు మార్చుకుంది. కండక్టరు గొంతు తగ్గించాడు. "ఈయన టిక్కెట్టు కూడా మీరే తీస్తారామ్మా?"

"ఆయన చేతులు ఖాళీ లేవు నాయనా."

"ఈ వయసులోనా!" అన్నాడు వెనకసీటు పెద్దమనిషి.

"తప్పు నాది కాదండీ, ఆవిడది" అన్నాడు మాస్టారు.

"పట్టుబడ్డాక అందరూ అదే అంటారు."

స్టేషను గుమ్మం దగ్గర కానిస్టేబులు మాస్టారి చేతులు చూసి, బైండరమ్మకు సెల్యూట్ కొట్టి, "దారివ్వండి, దారివ్వండి!" అంటూ ప్లాట్‌ఫారం దాకా ముందు నడిచాడు. రైల్వేవాళ్ళకు ఇంత మర్యాద ఎప్పుడబ్బిందా అని ఆమె ఆశ్చర్యపోయింది.

పెట్టె బండిలో సర్దుకుని దిగిన నర్సు మాస్టారి చేతులు పట్టుకుని చూసింది. "అన్నయ్యా, ఏమిటిది?"

"నీకు కానుకమ్మా. ఇందులోంచి నన్ను తీసేస్తే మిగిలింది నీది."

నర్సు పాతికేళ్ళు ఆపరేషన్ గదిలో పనిచేసింది. నవ్వలేదు, కంగారు పడలేదు. మాస్టారిని బండిలో తన సీట్లో కూర్చోబెట్టింది. "పెట్టె చూస్తుండండి. చేతులు కిటికీలోంచి బయట పెట్టండి, వెలుతురు ఇక్కడే బాగుంది. తొడుగులు తీయకండి, లోపల చెయ్యి ఉంటేనే కుట్టు స్పష్టంగా కనబడుతుంది." తాను ప్లాట్‌ఫారం మీద నిలబడి, తల తిప్పకుండా చెయ్యి చాపింది. "సూదులు."

బైండరమ్మ అందించింది. నర్సు ముడి విప్పి, ఒక్కటీ జారకుండా నూట ఇరవై కుట్లూ సూదులకు ఎక్కించింది. "కొక్కెం." అదీ అందింది. "ఇదిగో వదినా, చివర్నుంచి పదిహేడో వరస. ఇక్కడ నీ మనసు ఎటో పోయింది."

బైండరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "టిక్కెట్టు కొన్నానని నువ్వు చెప్పిన రోజు."

నర్సు నాలుగు కుట్లను ఆ వరస దాకా జార్చి, ఏ పోగు ఏ తొడుగుదో విడదీసి, కొక్కెంతో ఒక్కొక్కటే పైకి తెచ్చింది. చుట్టూ చేరిన పోర్టర్లు ఊపిరి బిగబట్టారు. కానిస్టేబులు టోపీ తీశాడు. రెండు తొడుగులూ మెల్లగా విడివడ్డాయి.

"ఎడమది నీకు, కుడిది నాకు. ముగించేద్దాం" అంది నర్సు. ఇద్దరూ చెరో మణికట్టూ పట్టుకుని ఆఖరి వరస మూయసాగారు. చేయి తిరిగినవాళ్ళు ఇద్దరు ఒకే పని మీద ఉంటే చూడాలి. సూదులు తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. బండి కూత కూడా.

"వదినా, కిటికీ జరుగుతోంది!" అంది బైండరమ్మ.

"జరగనీ. ఇంకా ఆరు కుట్లు. నడువు."

నడిచారు. నాలుగు. రెండు. నర్సు పరుగులాంటి నడకతో ఆఖరి కుట్టు బిగించి, పోగును పంటితో తెంపింది. మాస్టారి చేతులు పొద్దుటి నుంచి మొదటిసారిగా విడివిడిగా ఊగాయి. పోర్టర్లు చప్పట్లు కొట్టారు. బైండరమ్మ పొంగిపోయింది. "సాధించాం వదినా! బండి వెళ్ళకముందే..."

అప్పుడు చూసుకున్నారు ఇద్దరూ ఒకరినొకరు. నర్సు ప్లాట్‌ఫారం మీద ఉంది. టిక్కెట్టు ఆమె చేతిసంచీలో ఉంది. పెట్టె, మాస్టారు దూరమైపోతున్నారు.

"మళ్ళీ బండి?" అంది బైండరమ్మ.

"రేపు ఇదే వేళకి. నేను చేరాల్సింది ఎల్లుండిలే." నర్సుకు నవ్వు ఆగలేదు. "పాపం, అన్నయ్య!"

"ఆయనకేం, సాయంత్రం బండికి తిరిగొస్తారు" అంటూ బైండరమ్మ వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కానిస్టేబులు ఒగరుస్తూ వచ్చాడు. "మేడమ్, మీ ఖైదీ పారిపోయాడు!"

చలి ఊరికి కానుక మాత్రం అనుకున్న బండిలోనే వెళ్ళింది.